దేవమ్మ సూది

కార్ఖానా బస్తీలో ఆ వానాకాలం ఒక మాట ఇల్లిల్లూ తిరిగింది. పసిపిల్లలకు నీళ్ళు పోసే దేవమ్మ, ఫ్లూ సూది వేసుకోకుండానే వేసుకున్నానని చెప్పి ఆలిస్ టీచర్ మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుందని. ఆ పిల్లకు జ్వరం అంటించి ఆసుపత్రి పాలు చేసిందని.

మాట బయలుదేరాక దానికి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి. క్లినిక్ గుమ్మం దాకా పోయి, సూదిని చూసి భయపడి వెనక్కి వచ్చేసిందని ఒకరన్నారు. అక్కడి నర్సును బతిమాలి ఉత్త దూది అంటించుకుని వచ్చిందని ఇంకొకరన్నారు. చర్చిలో స్త్రీల మైత్రి కూటం అయ్యాక, టీ కప్పులు కడిగే కుళాయి దగ్గర స్వర్ణలత ఆ సంగతి తేల్చేసింది. స్వర్ణలతది ఆలిస్ టీచర్ పక్కిల్లే కాబట్టి ఆమె మాటకు బరువెక్కువ.

"సూది ఏసుకున్నోళ్ళకు అదే జ్వరం ఎట్లొస్తదమ్మా? ఒచ్చిందంటేనే తెలుస్తలేదా, ఏసుకోలేదని."

కప్పులు కడిగిన వాళ్ళు ఆ ప్రశ్నను ఇళ్ళకు పట్టుకుపోయారు. దానికి దేవమ్మ దగ్గరే బదులు లేదు.

దేవమ్మకు డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. బొల్లారంలో రైలు పట్టాలకు ఇవతల వరసగా ఉన్న గదుల్లో చివరిది ఆమె గది. భర్త ఏసురత్నం రైల్వేలో ఖలాసీగా చేసి, చేస్తుండగానే పోయాడు. పిల్లలు పుట్టలేదు. నీళ్ళు పోసే పని అత్త రోసమ్మ నుంచి వచ్చింది. రోసమ్మకు మణికట్లు పట్టేసి చెంబు లేవకుండా అయినప్పుడు, కోడలిని వెంటబెట్టుకుని ఇళ్ళకు తిరిగింది. పిల్లలు లేని మనిషి చేతికి పసిగుడ్డునెలా ఇస్తామని ఒక ఇంట్లో నసిగారు. రోసమ్మ ఆ ఇంటి గడప మీదే కూర్చుని, "కన్నోళ్ళకు భయముంటది. భయమున్న చేతిల పిల్ల జారుతది. దీనికి ఆ భయం లేదు, ఇయ్యిండ్రి" అంది. ఇచ్చారు. ఆ మాట కోడలికి ఎక్కడ గుచ్చుకుందో రోసమ్మ అడగలేదు, దేవమ్మ చెప్పలేదు.

అప్పటి నుంచి ఎందరికి పోసిందో ఆమెకే తెలియదు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, రెండు కాళ్ళూ జోడించి చాపేది. ఆ కాళ్ళ మధ్య గాడిలో పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నూనె వేసి, నడుము నుంచి మెడ దాకా బొటనవేళ్ళతో మెల్లగా తోసేది. వెల్లకిలా తిప్పి ఎదమీద అరచేయి ఆనించి గుండ్రంగా రుద్దేది. నీళ్ళ వేడి మోచేత్తో చూసేది. వేళ్ళు పనులు చేసి మొద్దుబారి ఉంటాయి, మోచేయి అబద్ధమాడదు అనేది. నుదుటికి అడ్డంగా ఎడమచేయి పెట్టి, కళ్ళలోకి చుక్క పోకుండా తల మీద పోసేది. ఆఖరి చెంబు పోసేటప్పుడు మాత్రం, "ప్రభువు తోడుండాలె, నూరేళ్ళుండాలె" అని గొణిగేది. ఎంత ఏడ్చే పిల్లయినా ఆ చెంబుకు ఊరుకునేది. మెత్తటి గుడ్డలో చుట్టి తల్లి చేతికి ఇచ్చేసరికి నిద్రపోయేది.

ఆ తర్వాత ఆ పిల్లలు పెరిగిపోతారు. అక్కడే ఉంది చిక్కు. బస్సులో ఎదురుగా నిలబడ్డ మీసాల మనిషి వీపు మీద, ఎడమ రెక్క కింద కందిగింజంత మచ్చ ఉందని దేవమ్మకు తెలుసు. బ్యాంకులో గాజు పలక వెనక కూర్చున్న అమ్మాయికి కుడికాలి చిటికెన వేలు కాస్త మడత పడి ఉంటుందనీ తెలుసు. వాళ్ళకు మాత్రం ఆమె ఎవరో తెలియదు. "జెర జరుగమ్మా" అంటాడు ఆ మీసాల మనిషి. ఆమె జరుగుతుంది.

కరోనా పోయిన తర్వాత పిలుపులు తగ్గిపోయాయి. తల్లులు ఫోన్లో చూసి ప్లాస్టిక్ తొట్టిలో పోసుకోవడం నేర్చుకున్నారు. పాత ఇళ్ళవాళ్ళు మాత్రం ఇంకా పిలిచేవారు. ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య నెలలు గడిచేవి. ఆ నెలల్లో ఆమె చేయి తగిలే మనిషి గానీ, ఆమెకు చేయి తగిలించే మనిషి గానీ ఉండేవారు కాదు. కూరగాయల బండివాడు చిల్లర కూడా సంచిలోనే వేసేవాడు.

అందుకే జూన్‌లో ఆలిస్ టీచర్ ఫోన్ చేసినప్పుడు, దేవమ్మ స్టవ్ మీద అన్నం సంగతి మరచిపోయింది. ఆలిస్ టీచర్ బందరు నుంచి వచ్చి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కూతురు క్యారల్‌కూ కొడుకు షాలేమ్‌కూ దేవమ్మే నీళ్ళు పోసింది. ఇప్పుడు క్యారల్ పురిటికి వచ్చింది.

"నీళ్ళు నువ్వే పొయ్యాలి దేవమ్మా. కాకపోతే ఒక మాట. పిల్లల డాక్టరు, బిడ్డను ముట్టుకునేవాళ్ళు ఫ్లూ సూది వేయించుకోవాలన్నాడు. వేయించుకునిరా. సాంబ్రాణి పొగ వద్దన్నాడు. ముక్కు నొక్కడాలూ అవీ అసలే వద్దన్నాడు."

"పొగ బంద్ చేస్త. ముక్కు నొక్కకపోతే మాత్రం మీ అల్లుని ముక్కే ఒస్తది, తర్వాత నన్ననొద్దు."

"మా అల్లుడి ముక్కుకేమయింది?"

"ఏం కాలే టీచరమ్మ. జెర ముందుగాల ముక్కొస్తది, ఎనక మనిషొస్తడు."

ఆలిస్ టీచర్ నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు ఫోన్లోనే ఉన్నట్టనిపించి దేవమ్మ దాన్ని చెవి దగ్గర నుంచి తీయలేదు.

మర్నాడే పోయి వేయించుకుంది. కార్ఖానా చౌరస్తా లోపలి గల్లీలో మహెక్ అనే డాక్టరమ్మ చిన్న క్లినిక్ నడుపుతుంది. ఎడమ జబ్బకు వేసింది. ఒక రోజు చేయి బరువుగా ఉండి తగ్గిపోయింది. ఆ బరువు కూడా దేవమ్మకు బాగానే అనిపించింది. లోపల ఏదో పని జరుగుతోందని నమ్మకం కలిగింది. ఇంక తన ఒంట్లోకి ఏదీ రాదు, తన నుంచి పిల్లకు ఏదీ పోదు అనుకుంది.

క్యారల్‌కు ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడాక నీళ్ళు మొదలుపెట్టారు. రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి, కాళ్ళు చేతులు కడుక్కుని, ఇంట్లోకి పోయి పీట వేసుకునేది. పిల్ల బలంగా ఉంది. నూనె రాస్తుంటే కాళ్ళు తన్నేది. "ఇది పోలీసామె అయితది చూడు. ఇప్పుడే లాఠీ ఎత్తుతున్నది" అనేది దేవమ్మ. క్యారల్ స్నానాల గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "అమ్మమ్మా, నాకు కూడా ఇట్లనే పోసినవా?" అని అడిగేది. "నువ్వు ఇంత మంచిగ యాడ ఉంటివి? బజార్లందరికి ఇనబడేటట్టు ఏడుస్తుంటివి." అంతే. ఆ ఒక్క గంట కోసమే మిగతా రోజంతా ఉన్నట్టుండేది.

ఆగస్టులో ముసురు పట్టింది. షాలేమ్‌కు జలుబు చేసింది. అతను రోజూ మెట్రోలో బేగంపేట ఆఫీసుకు పోయి వస్తాడు. మాత్ర మింగి పోయేవాడు, సాయంత్రం వచ్చాక మేనకోడలిని ఎదమీద పడుకోబెట్టుకుని ఫోన్ చూసుకునేవాడు. ఊర్లో సగం మంది అట్లాగే ముక్కులు చీదుతున్నారు. దాన్నెవరూ రోగం అనుకోలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున దేవమ్మ నీళ్ళలో మోచేయి పెట్టి, "ఇంత చల్లగ తోడినవేంది బిడ్డ?" అంది. క్యారల్ వంగి చేయి పెట్టి చూసి, "వేడిగనే ఉన్నయి గదా అమ్మమ్మా" అంది. దేవమ్మ ఇంకోసారి మోచేయి పెట్టింది. నీళ్ళు చల్లగానే తగిలాయి. అప్పుడామెకు అర్థమైంది. చల్లబడింది నీళ్ళు కావు. తన ఒళ్ళే కాగుతోంది.

కాళ్ళ మీద పడుకోబెట్టుకోబోతున్న పిల్లను తల్లికి తిరిగిచ్చేసింది. "ఈయాల వద్దు. నాకు ఒళ్ళు మంచిగ లేదు" అని చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చేసింది. మర్నాటికి పిల్ల ఒళ్ళు కాలింది. పాలు తాగలేదు. ఆసుపత్రిలో చేర్చారు. కొన్నాళ్ళుంచుకుని, గండం లేదని చెప్పి పంపించారు.

ఇవతల బొల్లారం గదిలో దేవమ్మ మంచం దిగలేదు. పక్కగది అమీనా పొద్దునా సాయంత్రం గుమ్మం బయట గంజి గిన్నె పెట్టి, గొళ్ళెం చప్పుడు చేసి దూరంగా జరిగేది. "దాదీ, గిన్నె పెట్టిన. ఉన్నవా?" అని అడిగేది. "ఉన్న" అనేది దేవమ్మ. ఆ ఒక్క మాట అనడానికే రోజంతా గొంతు దాచుకున్నట్టుండేది. పిల్ల ఎలా ఉందో అడుగుదామని ఆలిస్ టీచర్‌కు చాలాసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జ్వరం తగ్గి, నడవగలిగాక చర్చికి పోయింది. ఎప్పుడూ కూర్చునే బెంచీలో కూర్చుంది. చంటిపిల్ల ఉన్న తల్లి ఒకామె లేచి ముందు బెంచీకి మారింది. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర స్వర్ణలత ఆపింది.

"వందనాలు దేవమ్మా. భయమైతే భయమని చెప్పాలె గదా. పసిపిల్లతోని గట్లెట్ల చేసినవు?"

"నేనేం చేసిన?"

"సూది సంగతి."

"ఏసుకున్న గదా."

"ఏసుకుంటే జ్వరమెందుకొచ్చింది మరి?"

దేవమ్మ మెట్లు దిగి వచ్చేసింది. అబద్ధం అనిపించుకోవడం కన్నా ఘోరమైనది ఇంకొకటి ఉంది. తన మాట మీద తనకే అనుమానం రావడం. గదికి వచ్చి రవిక చేయి పైకి మడిచి జబ్బ చూసుకుంది. సూది గుర్తు నెలల తరబడి ఉండదని తెలిసీ వెతికింది. మందుకు బదులు నీళ్ళు ఎక్కించారేమో అనుకుంది. పాత మందేమో అనుకుంది. దేవుడు తనకు ఎందుకో అడ్డం తిరిగాడేమో అని కూడా అనుకుంది. క్యారల్ బిడ్డకు బాప్తిస్మం దగ్గర పడుతోంది. నీళ్ళు పోసిన మనిషే ఆ పొద్దున పిల్లకు తెల్లగౌను తొడిగి, చర్చి మెట్ల దాకా ఎత్తుకుని పోయి తల్లి చేతికి ఇవ్వడం ఆ ఇళ్ళలో ఆనవాయితీ. రోసమ్మ అట్లా ఇచ్చింది, దేవమ్మ అట్లా ఇచ్చింది. ఈసారి పిలుపు రాకపోతే, ఇక ముందు ఏ ఇంటి నుంచీ రాదు.

మహెక్ డాక్టరమ్మ క్లినిక్‌లో వానకు జనం కిక్కిరిసి ఉన్నారు. తన వంతు వచ్చాక దేవమ్మ స్టూల్ మీద కూర్చుని, నాడి చూపించకుండానే అడిగింది.

"డాక్టరమ్మ, తప్పుగ అనుకోకు. నువ్వు నాకు ఏసింది నిజం సూదేనా?"

మహెక్‌కు నవ్వు రాబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది. "నేనే ఏసిన గదా పెద్దమ్మా. ఈ కుర్చీలనే. 'మెల్లగ, బిడ్డ' అన్నవు నువ్వు. ఏమైంది?"

దేవమ్మ చెప్పింది. జ్వరం సంగతి, పిల్ల సంగతి, మెట్ల మీద స్వర్ణలత ప్రశ్న సంగతి. డాక్టరమ్మ ఫోన్ పక్కన పెట్టి విన్నది.

"పెద్దమ్మా, సూదిల ఉండేది రోగం కాదు. రోగం మొఖం ఎట్లుంటదో చూపెట్టే బొమ్మ లాంటిది. ఒళ్ళు ఆ బొమ్మను చూసి నేర్చుకోవాలె. ఒయసు పిల్లలకు ఏస్తే ఒళ్ళు తొందరగ నేర్చుకుంటది, గట్టిగ గుర్తు పెట్టుకుంటది. నీ అసొంటోళ్ళకు ఏస్తే జెర తక్కువ నేర్చుకుంటది, తొందరగ మర్చిపోతది. మందు అదే. నేర్చుకునే ఒళ్ళే ముసలిదైంది."

"ఒళ్ళు సుత మర్చిపోతదా?"

"పోతది. ఇగో ఈడ," అని డాక్టరమ్మ తన ఎదమీద, గొంతు కిందుగా వేలు పెట్టి చూపించింది, "ఈ ఎద ఎముక ఎనక ఒక గ్రంథి ఉంటది. కొత్త రోగాన్ని గుర్తుపట్టే కణాలు చిన్నప్పుడు అండ్ల తయారైతయి. పసిపిల్లలకు అది పెద్దగుంటది. ఒయసు పైబడ్డ కొద్ది ఎండుకపోతది. కొత్తయి తయారు కావు, పాతయే తిరుగుతుంటయి. అందరికీ అంతే, నీ ఒక్కదానికే కాదు."

దేవమ్మ తన చేతులు చూసుకుంది. ఆ చోటే. వెల్లకిలా తిప్పిన ప్రతి పిల్లకూ అరచేయి ఆనించి రుద్దింది ఆ చోటే. పసిపిల్లల ఎదకు నూనె రాస్తే రాసినంతసేపట్లో లోపలికి ఇంకిపోయేది. తన చేతులకు అంటిన ఆ నూనె మాత్రం ఇంటికి పోయేదాకా పైనే జిడ్డుగా నిలిచేది. అది గుర్తొచ్చింది.

"మరి దండుగేనా, ఏసుకున్నది?"

"దండుగ కాదు. ఏసుకోకపోతే ఆసుపత్రిల పడుతుంటివేమో. ఒంటరిగ మంచం మీద ఉండి సుత లేచి ఒచ్చినవు చూడు, అండ్ల ఆ సూది పని కొంత ఉండొచ్చు. ఒచ్చేటేడు సుత ఏసుకో. ప్రతేడు ఏసుకోవాలె." డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "పెద్దమ్మా, పసిపిల్లకు ఆరు నెలలు నిండేదాక ఈ సూది ఇయ్యరు. నీ అసొంటోళ్ళకు ఇచ్చినా పూర్తిగ పట్టదు. ఈ కొస పిల్ల, ఆ కొస నువ్వు. మీ ఇద్దరి నడుమ ఉన్న ఒయసోళ్ళు ఏసుకుంటేనే మీ ఇద్దరికి కాపల. ఆ ఇంటోళ్ళకు జెర చెప్పు."

బయటికి వచ్చాక ఆటో స్టాండ్ దగ్గర చాలాసేపు నిలబడింది. బదులు దొరికింది. కానీ ఆ బదులును పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఇల్లిల్లూ తిరిగి తన ఎదలోని గ్రంథి ఎండిపోయిందని చెప్పాలా? చెప్పినా స్వర్ణలత ఊరుకుంటుందా? చివరికి ఆలిస్ టీచర్ ఇంటికే పోయింది.

ఆలిస్ టీచర్ వరండాలో పిల్లను భుజాన వేసుకుని తిరుగుతోంది. షాలేమ్ లోపల హాల్లో ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు, ఆ రోజు ఆఫీసుకు పోలేదు. దేవమ్మ గేటు లోపలికి వచ్చి, మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి, చెంగు ముక్కు మీదికి లాక్కుంది. పిల్ల బుగ్గలు మళ్ళీ నిండాయి. అది చూసుకుంది ముందు.

"రా దేవమ్మా. ఒంట్లో ఎలా ఉంది?" అంది ఆలిస్ టీచర్. కూర్చోమనలేదు.

"మంచిగనే ఉన్న టీచరమ్మ. బుజ్జి తల్లి ఎట్లున్నది?"

"బాగానే ఉంది. దేవుడి దయ." అడక్కుండానే మళ్ళీ తానే అంది. "నువ్వు వేసుకోలేదని నేనెవరితోనూ అనలేదు. స్వర్ణలత అడిగింది. 'వేసుకున్నానంది మరి' అన్నాను. అంతే."

ఆ 'మరి' ఎంత దూరం పోయిందో ఇద్దరికీ తెలుసు. దేవమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"డాక్టరమ్మ దగ్గరికి పోయొచ్చిన. ముసలోళ్ళకు ఆ సూది పూర్తిగ పట్టదంట. ఏసుకున్నా జ్వరమొస్తదంట. అందుకని పసిపిల్ల చుట్టున్న ఒయసోళ్ళు ఏసుకోవాలెనంట. మీరు సుత ఏసుకోండ్రి టీచరమ్మ. బుజ్జిదాని కోసం చెప్తున్న."

"మాకెందుకు? బిడ్డను ముట్టుకునేవాళ్ళు వేయించుకోవాలన్నాడు డాక్టరు. బిడ్డను ముట్టుకునేది నువ్వే కదా." భుజం మీది పిల్ల వీపును చేత్తో మెల్లగా తడుతూనే అంది ఆ మాట.

అన్నాక, తడుతున్న చేయి ఆగింది.

"అంటే మా ఇంట్లోంచే వచ్చిందంటావా?" అంది ఆలిస్ టీచర్, గొంతు తగ్గించి.

"నేను గట్ల అనలే."

"ఆమె అనకపోయినా నేనంటున్నాను. ముందు జ్వరం వచ్చింది నాకే మమ్మీ" అన్నాడు షాలేమ్ లోపలి నుంచి.

"నువ్వు ఊరుకో. నీది జలుబు."

"జలుబుకు ఒళ్ళంతా నొప్పులు పుడతాయా? మాత్ర వేసుకున్నా కాబట్టి నీకు తెలియలేదు."

ఆలిస్ టీచర్ పిల్లను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చింది. మారుస్తుంటే టోపీ జారింది. దేవమ్మ చేయి దానంతట అదే లేచింది, మళ్ళీ దించుకుంది. "పోయొస్త టీచరమ్మ" అని గేటు దాకా వచ్చి వెనక్కి చూసింది. ఆలిస్ టీచర్ ఇంకా అక్కడే, వాన నీళ్ళు కారుతున్న చూరు కేసి చూస్తూ నిలబడి ఉంది.

ఆ వారంలోనే ఆ ఇంటి వాళ్ళందరూ మహెక్ డాక్టరమ్మ దగ్గరికి పోయి సూదులు వేయించుకున్నారు. ఆ సంగతి దేవమ్మకు క్యారల్ ఫోన్లో చెప్పింది. "అమ్మ వద్దన్నా చెప్తున్న అమ్మమ్మా. అమ్మ నిన్ను ఏమీ అనలేదు. అనేటోళ్ళను ఊరుకోమనలేదు, అంతే" అంది. అంత దాకా అర్థం చేసుకున్న పిల్ల కూడా ఆ మాట అమ్మ ముందు అనగలిగినట్టు లేదు.

బాప్తిస్మానికి ముందు రోజు పొద్దెక్కాక ఆలిస్ టీచరే ఫోన్ చేసింది. ఎప్పటి గొంతే, పిల్లలను లెక్క చేయమని పిలిచే గొంతు.

"దేవమ్మా, రేపు తెల్లవారే వచ్చెయ్యి. నీళ్ళు పోసి బిడ్డను తయారుచెయ్యాలి. గౌను ఇస్త్రీ చేసి పెట్టాను. మెట్ల దాకా నువ్వే తీసుకురా."

దేవమ్మ ఎదురు చూసింది ఈ మాట కోసమే. ఇన్ని రోజులూ పక్క మీద దొర్లింది ఈ మాట కోసమే. వస్తానని నోట్లోకి వచ్చిన మాటకు అడ్డంగా దగ్గు వచ్చింది. జ్వరం పోయినా ఆ దగ్గు ఛాతీలో అడుగున మిగిలిపోయి, అప్పుడప్పుడు లేస్తోంది. ఆగాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. ఇది పాత దగ్గే కావచ్చు. ఏమీ చేయకపోవచ్చు. కానీ ఇప్పుడు తన ఒంట్లో ఏముందో, ఏం లేదో ఎవరు చెప్తారు? ఇన్నేళ్ళూ మోచేయి అబద్ధమాడదని నమ్మింది. ఆ నమ్మకం మీదే ఎందరి పిల్లల్నో కాళ్ళ మీద వేసుకుంది.

"వద్దు టీచరమ్మ," అంది. "ఈ సారికి మీరే తయారుచేయండ్రి. దగ్గు ఇంక పోలే."

"కొంచెం దగ్గే కదా. మూతికి గుడ్డ కట్టుకుని రా."

"వద్దు. బుజ్జిది జ్వరం పడి ఇప్పుడే లేచింది."

"నువ్వు రాకపోతే జనం ఇంకోలా అనుకుంటారు దేవమ్మా" అంది ఆలిస్ టీచర్. ఆ గొంతులో లెక్కల టీచరు లేదు.

"అనుకోనియ్యిండ్రి" అంది దేవమ్మ. "తలకు జెర నూనె ఎక్కువ రాయిండ్రి. నుదురుకు చెయ్యి అడ్డం పెట్టి పోయిండ్రి. జారదు. భయపడొద్దు."

ఫోన్ పెట్టేశాక పీటను మంచం కిందికి, గోడ వైపుకు తోసింది. మళ్ళీ ఎప్పుడు తీస్తుందో అనుకోలేదు. అనుకుంటే ఆ పూట గడిచేది కాదు.

ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీలో, తలుపు పక్కన మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. ఆలిస్ టీచర్ పిల్లను ఎత్తుకుని వచ్చింది. గౌను తెల్లగా, బాగా పొడుగ్గా ఉంది. పాస్టరయ్య పేరు అడిగితే క్యారల్ 'ఎలీనా' అని చెప్పింది. నీళ్ళు తల మీద పడగానే పిల్ల గట్టిగా ఏడ్చింది. ముందు వరసల్లో నవ్వారు. దేవమ్మ పెదవులు మూతికట్టు వెనక కదిలాయి. నూరేళ్ళని అనుకుంది, ఎవరికీ వినబడకుండా.

ఆరాధన అయ్యాక అందరూ మెట్ల మీదికి వచ్చారు. క్యారల్ జనంలోంచి దారి చేసుకుని పిల్లతో దేవమ్మ దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, ఒక్కసారి ఎత్తుకో. ఫోటో దిగుదాం."

దేవమ్మ రెండు చేతులూ చెంగులో చుట్టుకుని వెనక్కి ఒక అడుగు వేసింది. "దూరం నుంచే చూస్త బిడ్డ. మంచిగున్నది. మీ ఆయన ముక్కు రాలే, నడువు" అంది. క్యారల్ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. వెనక ఎవరో పిలిస్తే పోయింది.

మెట్ల కింద స్వర్ణలత అంతా చూస్తూనే ఉంది. పక్కనున్నామె చెవి దగ్గర, "చూసినవా? ఎత్తుకోమంటే చేతులు దాచుకున్నది. తప్పు చేసినోళ్ళ చేతులు ముందుకు రావు" అంది. పక్కనున్నామె తల ఊపింది. ఆలిస్ టీచర్ రెండు అడుగుల దూరంలోనే ఉంది. ఆ మాట ఆమెకు వినబడింది. వచ్చినవాళ్ళకు కేకు ముక్కలు పంచుతూ అట్లాగే ముందుకు సాగిపోయింది.

దేవమ్మ గేటు దాటి బొల్లారం బస్సు కోసం నిలబడింది. వాన వెలిసింది. బస్సులో ఎవరో కుర్రాడు లేచి సీటిచ్చాడు. అతని చెవి వెనక ఒక చిన్న చొట్ట ఉంది. ఎప్పుడు పోసిందో గుర్తు రాలేదు.

ఆ మాట కార్ఖానాలో ఇప్పటికీ ఉంది. కొత్తగా కడుపుతో ఉన్న వాళ్ళింట్లో దేవమ్మ పేరు వస్తే, ఎవరో ఒకరు సూది సంగతి ఎత్తుతారు. ఆ ఇంట జ్వరాలు మొదలైన నాటికి పసిదాన్ని ఎత్తుకుంటున్న వాళ్ళందరిలో, తల్లితో సహా, ఆ సూది వేసుకుని ఉన్న మనిషి దేవమ్మ ఒక్కతే.